బొట్టు కింది పెయింట్

నార్సింగిల నాది చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు. బురదల దిగబడ్డ బండిని తాడు చుట్టుకుంట బయటికి లాగే మోటరును వించ్ అంటరు. లోహిత్ సార్ కొత్త జీపుకు దాన్ని బిగించింది నేనే, ఈ రాబినే.

వించ్ ఎర్త్ వైరు ఛాసిస్‌కు, అంటే బండి ముందటి ఇనుప చట్రానికి, బిగించే చోట పెయింట్ గీకి, ఇనుము తేలేదాక రుద్దాలె. లేకుంటే కరెంటు సక్కగ పోక వైరు కాలుతది. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న పని, నాకు తెల్వదా?

కానీ సరిగ్గ ఆ చోటనే లోహిత్ సార్ వాళ్ళమ్మ రాజరాజేశ్వరి గారు బండి పూజల పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. నా షాపు గోడకేమో సిలువ. కిరస్తానోడు బొట్టు గీకిండంటరని నా చెయ్యి ఆగింది. ఆమె పక్కనే కుర్చీల కూసుంది, అయినా అడగనీకి నోరు రాలె. పెయింట్ మీదనే బోల్టు బిగించిన. నా తెలివి తగలెయ్య!

నిన్న బురదల వించ్ ఆన్ చేస్తే పొగ లేచిందంట. ఆ వైరు పీకబోయి సార్ అరచెయ్యి కాల్చుకున్నడు.

పొద్దున గచ్చిబౌలి దవాఖానకు పోయి, సార్ వాళ్ళమ్మకు ఉన్నదున్నట్టు చెప్పిన. తిడుతదనుకున్న. తిట్టలె.

"నన్నడిగితే నా కొంగుతో నేనే తుడిచిచ్చేదాన్ని కదా బాబూ," అంది. "మమ్మల్ని అలాంటివాళ్ళమని ఎందుకనుకున్నావు?"