ఏ తీరంలో దింపాలి?

1906 అక్టోబరు 9, మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఆస్ట్రేలియా తూర్పు తీరాన ఉన్న మెకైలో ఒక చెరుకు మిల్లు గేటు దగ్గర పోలీసు జవాను అరవై ఒక్క పేర్లు చదివాడు. అందరూ పసిఫిక్ సముద్రంలోని మలైతా దీవి నుంచి చెరుకు పనికి వచ్చినవాళ్లే. గురువారం పదింటికల్లా రేవులో ఉండాలి. వచ్చిన దీవికే వాళ్లను ఓడలో తిప్పి పంపేస్తారు.

రిఫాసియా చెరుకు కత్తి నేలకానించి విన్నాడు. పదో పేరు దాటాక, తర్వాతి పేరేదో అతనికి ముందే తెలిసిపోయింది. ఆ వరస తను రాసిందే. మమ్మల్ని పంపొద్దని మార్చిలో ప్రభుత్వానికి పెట్టిన అర్జీ అది. మిషన్ బడిలో నేర్చుకున్న అక్షరాలతో రాశాడు. కింద అందరూ వేలిముద్రలు వేశారు. అదే కాగితాన్ని ఓడకు జాబితా చేశారు.

అతనూ మలైతా వాడే, కానీ అతని పేరు మాత్రం చదవలేదు. అతని భార్య లేసాలేది ఎఫాటే దీవి. మొగుడూ పెళ్లామూ వేర్వేరు దీవుల వాళ్లయితే ఉండొచ్చని చట్టానికి కొత్త సవరణ వచ్చింది. ఆ మినహాయింపు కాగితం ముందు రోజే చేతికొచ్చింది. అది లేకపోతే అతను ఒక ఓడలో, ఆమె ఇంకో ఓడలో.

సాయంత్రం పని దిగాక మిషన్ రేకుల షెడ్డులో సభ పెట్టారు. రెండొందల మందికి పైగా వచ్చారు. ఎప్పట్లాగే మలైతా వాళ్లు కిటికీల వైపు, తన్నా దీవి వాళ్లు తలుపు వైపు, మిగతా వాళ్లు గోడవార కూర్చున్నారు. తన్నా వాళ్ల పెద్ద నౌపా లేచాడు.

"మార్చిలో నేనేం చెప్పాను? అన్ని దీవులూ కలిసి ఒకే అర్జీ పెడదామన్నానా లేదా?"

"నీ పేరు కింద మా పేర్లు రాయమన్నావు" అన్నాడు మలైతా ముసలాయన తాలోఫై. "తన్నా వాడి కింద మలైతా వాడు వేలు పెట్టడం ఎక్కడైనా ఉందా?"

"మీ కింద మేం పెట్టం, మా కింద మీరు పెట్టరు. ఏడు దీవులకు ఏడు అర్జీలు! ఏ ఓడలో ఎవడిని ఎక్కించాలో మనమే విడివిడిగా మోపులు కట్టి ఇచ్చాం తాతా. వాళ్లు తాడు కూడా విప్పలేదు."

కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మనల్ని పంపేస్తే చెరుకు ఎవడు కొడతాడు? తోట దొర ఊరుకుంటాడా?" అన్నారెవరో.

"ఊరుకోకేం? దొరకు ముట్టాల్సింది ముట్టింది" అన్నాడు నౌపా. "ఆరు రాష్ట్రాలూ కలిసి ఐదేళ్ల కిందట ఒకే దేశమయ్యాయి. దీవివాళ్లు లేకపోతే చక్కెర లేదన్నారు దొరలు. వాళ్లుంటే మేం ఒప్పుకోమంది తెల్ల కూలీల సంఘం. చివరికి రాజీ పడ్డారు. తెల్లోడితో చెరుకు పండిస్తే దొరకు ప్రభుత్వం సొమ్మిస్తుంది. సంఘానికి తెల్ల దేశం దక్కుతుంది. ఆ బల్ల దగ్గర మనకు కుర్చీ వేశారా? మనల్నే బల్ల మీద పెట్టారు."

తాలోఫై గొంతు తగ్గించాడు. "ముసలోళ్లు, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటినోళ్లు ఉండొచ్చంటున్నారు. నాకూ కాగితం వచ్చింది. దక్కినకాడికి పట్టుకుంటే..."

లేసాలే లేచింది. "తాతా, దొరలూ ఇట్లాగే కూర్చుని మాట్లాడుకున్నారు. ఇచ్చేది మనది కాకపోతే రాజీకి ఎంతసేపు? ఈ అరవై ఒక్క మందిని ఇప్పుడు మనం ఇచ్చేద్దామా?"

"నీ మొగుడి జేబులోనూ కాగితం ఉందిగా!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఉంది. అందుకే ఈయన పొద్దుట్నించీ దుంప ముక్క కూడా నోట పెట్టలేదు."

అప్పుడు రిఫాసియా లేచాడు.

"అర్జీలో దీవి పేరే రాశాను. తీరం పేరు రాయలేదు. మలైతాలో నూరు తీరాలున్నాయి, వాటి మధ్య పాత పగలున్నాయి. ఒక తీరం వాడిని తీసుకెళ్లి ఇంకో తీరంలో దింపితే వాడూ బతకడు, పడవ నడిపినోడూ బతకడు. ఆ సంగతి ఓడ కెప్టెన్‌కి తెలుసు. తీరం చెప్పాల్సింది మనమే. చెప్పొద్దు."

"వీళ్లు చెప్పకపోతే నిన్నడుగుతారు బావా" అన్నాడు నౌపా. "ఎవడిది ఏ తీరమో నీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు రిఫాసియా.

గురువారం పదింటికి రేవుకు అరవై ఒక్క మందే కాదు, అందరూ వచ్చారు. కొట్టిన చెరుకు పొలాల్లోనే ఉండిపోయింది. తోటలో చాళ్ల వెంట నిలబడినట్టు, దీవులన్నీ కలిసిపోయి వరసల్లో నిలబడ్డారు. దీవివాళ్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు బల్ల వేసుకుని మొదటి మనిషిని పిలిచాడు.

"ఏ తీరంలో దింపాలి?"

"మెకై."

"ఇది మెకై. నీ తీరం ఏది?"

"ఇదే దొరా. ఇప్పుడే దిగాను, రాసుకోండి."

రెండో మనిషీ మెకై అన్నాడు. పన్నెండో మనిషీ అదే అన్నాడు. కెప్టెన్ బల్ల దగ్గరికొచ్చాడు. తీరం పేరు లేనివాడిని ఓడ ఎక్కించుకోనని, తన నావికుల ప్రాణాలు పోతాయని చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు రిఫాసియాను పిలిచాడు. "ఈ జాబితా నువ్వు రాసిందే. ఒక్కొక్కడి తీరం చెప్పు. చెబితే నువ్వూ నీ పెళ్లామూ ఇక్కడే ఉంటారు. చెప్పకపోతే ఆ కాగితం రద్దు."

రిఫాసియా వెనక్కి తిరిగి చూశాడు. లేసాలే మూడో వరసలో ఉంది. ఆమె తల ఊపలేదు, కన్ను కూడా తిప్పలేదు. అతను జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"నా పేరు కూడా చేర్చండి దొరా."

"ఏ తీరం?"

"మెకై."

ప్రభుత్వ పనికి అడ్డుపడ్డాడని పదకొండూ నలభైకి అతన్ని అరెస్టు చేశారు. మూడూ ఇరవైకి, పోటు తగ్గకముందే ఓడ బయల్దేరింది. జాబితాలోని అరవై ఒక్క మందిలో ఒక్కడూ ఎక్కలేదు.

సాయంత్రం ఆరింటికి పోలీసు స్టేషను మెట్ల మీద నూట నలభై మంది కూర్చున్నారు. లేసాలే లోపలికెళ్లి ఒక అర్జీ ఇచ్చింది. రిఫాసియాను వదలాలని, ఎవరినీ పంపొద్దని అందులో ఉంది. దీవి పేరు ఎక్కడా లేదు. మొదటి పేరు నౌపాది. దాని కింద తాలోఫై వేలిముద్ర ఉంది.