చెట్టు వదిలిన కాయ

మా ఆయన చేతులకి టమాటా ఆకు వాసన వచ్చేది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోయేది కాదు. గోళ్ళ చుట్టూ పచ్చటి మరక నల్లబడి అలాగే ఉండిపోయేది. నిద్రలో చెయ్యి నా మీద వేసినా అదే వాసన. "నేను చెట్టుని కట్టుకున్నానా, మనిషినా?" అని విసుక్కునేదాన్ని. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు ఆ విసుగు కూడా తిరిగొస్తే బాగుండుననిపిస్తుంది.

ఆయనకి సొంతంగా ఒక టమాటా రకం ఉండేది. దానికి పేరు పెట్టలేదు. గుత్తికి నాలుగు కాయలు, తొడిమ చుట్టూ పండినా పోని పచ్చదనం, కొరికితే కళ్ళు మూసుకునేంత పులుపు. పాతికేళ్ళు ఏరి ఏరి నిలబెట్టుకున్నారు. విత్తనం కాయ విషయంలో ఆయనకి ఒకటే పట్టు. కాయని కొయ్యకూడదు. రోజూ పొద్దున దాని కింద అరచెయ్యి పెట్టి కాస్త పైకెత్తాలి. పూర్తిగా పండితే తనే ఊడి చేతిలో కూర్చుంటుంది. ఊడకపోతే రేపు మళ్ళీ రావాలి. "చెట్టు వదలాలి గానీ మనం లాగకూడదు" అనేవారు. దేనిమీదైనా హాస్యమాడే మనిషి, ఈ మాట మీద మాత్రం ఎప్పుడూ ఆడలేదు.

ఈ ఏడు ఆయన దాచిన సీసాలో మిగిలిన గింజలన్నీ నారు పోసేశాను. పెరడంతా ఆయన ఉన్నప్పటిలా కనబడాలని ఆశ. "నాలుగు గింజలు అట్టేపెట్టు వదినా" అని ఆడపడుచు చెప్పింది. వింటేగా.

ఆడపడుచు అంటే ఆయన చెల్లెలే. మా గోడకి అవతలే ఆమె నారుమడి. చుట్టుపక్కల టమాటా వేసేవాళ్ళంతా ఆమె దగ్గరే నారు కొంటారు. అందరూ నారమ్మ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు.

మొక్కలు మోకాలెత్తు వచ్చేదాకా బాగానే ఉన్నాయి. ఆ తర్వాత కొస ఆకులు అంచుల్లో పసుపు తిరిగి, దోసిలి పట్టినట్టు పైకి ముడుచుకున్నాయి. ఎదుగుదల ఆగిపోయింది. పూత రాలిపోయింది. కొమ్మ తడితే ఆకుల అడుగు నుంచి తెల్లటి నలకలు పిండి చల్లినట్టు లేచి మళ్ళీ అక్కడే వాలేవి. నా ఒక్కదాని పెరడే కాదు, పొలాలన్నీ అంతే. ఇంతకుముందు మా వైపు ఎవరూ ఎరగని తెగులు.

వ్యవసాయ ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది. ఆకులు తిరగేసి భూతద్దంతో చూస్తుందని మేం ఆకుల డాక్టరమ్మ అని పిలుచుకుంటాం. సంత షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇది వైరస్. మొక్కకి పట్టాక మందు లేదు. తెల్లదోమ రోగమున్న చెట్టు రసం పీల్చి, వెళ్ళి మంచి చెట్టు మీద వాలుతుంది. దానికి నెల రోజులు, వల కింద పెంచే నారు తప్ప, టమాటా అన్నదే దొరక్కుండా చేద్దాం. శుక్రవారంలోగా అందరూ పీకెయ్యాలి. ఒక్క చెట్టు మిగిలినా ఈ పనంతా దండగే."

అందరూ ఒప్పుకుని కాగితం మీద సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. అరవై దాటాక అక్షరాలు దిద్దిన చెయ్యి నాది. పదిమందిలో వేలిముద్ర కాకుండా పేరు రాసింది అదే మొదటిసారి. వరసలో నా వెనకున్నవాళ్ళు విసుక్కునేంత నిదానంగా రాశాను.

ఇంటికొచ్చి ఆ మాట తప్పాను.

అన్నీ పీకాను, ఒక్కటి తప్ప. అది పడగ్గది కిటికీ కింద, గోడ మూలన ఉంది. దాని ఆకులూ ముడుచుకున్నాయి గానీ, తెగులు పట్టకముందే ఒక గుత్తి కట్టింది. నాలుగు కాయలు. అవి పండితే గింజ దక్కుతుంది. పండకపోతే ఆయన రకం లోకంలో ఇక లేనట్టే. మంచం మీది దోమతెర విప్పి చెట్టు చుట్టూ కట్టి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. లోపలి పురుగు బయటికి పోదు, ఎవరికీ హాని లేదని నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ పొద్దున తెరలోకి చెయ్యి పెట్టి కాయని పైకెత్తేదాన్ని. రాలేదు. "రేపు" అనుకునేదాన్ని.

మూడో వారంలో ఒక సాయంత్రం ఆడపడుచు వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"మొక్కలు పంచే రోజు దగ్గరకొస్తోంది. నా నారుమడిలో కట్టిన పసుపు జిగురు అట్టల మీద నిన్నటిదాకా ఒకటో రెండో పురుగులు. ఇవాళ వల సందుల్లోంచి దూరి మీ గోడవైపు అట్ట నిండా అంటుకున్నాయి. అటువైపే ఎందుకు వదినా?"

"కలుపు మొక్కలేమైనా ఉన్నాయేమో."

ఆమె నా చేతుల వంక చూస్తోంది.

"ఆ దద్దుర్లేంటి?"

"దోమలు."

"మెడ మీద కూడానా? నువ్వు దోమతెర లేకుండా కునుకైనా తియ్యవుగా. దోమలకి విందు పెడుతున్నావా ఏంటి?" అంటూనే తిన్నగా పడగ్గదిలోకి నడిచింది. బోసిగా ఉన్న మంచం చూసింది. కిటికీలోంచి కిందికి చూసింది.

గిర్రున నా వైపు తిరిగింది. ఇక ఆమె నోరు ఆగలేదు.

"సంతకం పెట్టావు కదే మనిషీ! అందరికంటే పెద్ద అక్షరాలతో పెట్టావు!"

పొద్దున్నే ఆకుల డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ నన్ను తిట్టలేదు. దోమతెర అంచు వేళ్ళతో సాగదీసి, ఆకు మీది తెల్లదోమ ఒకదాన్ని పుల్లతో కదిపి చూపించింది. అది తెర కన్నంలోంచి తలుపు తీసున్న ఇంట్లోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోయింది.

"కుట్టే దోమకి ఈ కన్నం చిన్నదమ్మా. దీనికి సింహద్వారం. నారుకి వాడే సన్నవల ఇంతకంటే చాలా ఒత్తుగా ఉంటుంది."

"నా నారు సంగతేంటి?" అంది ఆడపడుచు.

"గోడవైపు ఆరు ట్రేలు తీసెయ్యాలి. మిగతావి కనిపెట్టి చూద్దాం."

ఆరు ట్రేలు. మొలకప్పటినుంచి ఆమె వంగి వంగి నీళ్ళు చిలకరించిన నారు. నేను తలెత్తలేకపోయాను.

"చెట్టు పీకేస్తాను. ఈ కాయలు ఎరుపెక్కే దాకా ఒక్క వారం..." అన్నాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినబడింది.

డాక్టరమ్మ గుత్తిని వేళ్ళతో తిప్పి చూసింది. "ఈ రెండూ ముదిరాయి. అడుగున తెల్లబారాయి చూడండి. ఇప్పుడు కోసినా ఇంట్లో పండుతాయి, గింజ తయారైపోయింది. మిగతా రెండూ లేత."

"కొయ్యకూడదు. చెట్టే వదలాలి. ఆయన..."

"మా అన్నయ్య చెప్పింది బాగున్న చెట్టుకి!" ఆడపడుచు గొంతు పెరిగింది. "ఆయన నీకు మొగుడైతే నాకేమీ కారా? ఆ పులుపు నా నాలుకకి మాత్రం గుర్తు లేదా? నీకు ఆయన మాట కావాలా, ఆయన గింజ కావాలా? రెండూ కావాలంటే కుదరదు వదినా." చివరి మాట దగ్గర ఏడ్చేసింది.

ఆస్పత్రిలో చివరి మూడు రోజులూ నేను ఆయన చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. నర్సు వచ్చి, "కాస్త పడుకోండమ్మా" అన్నా వదల్లేదు. ఆయనే వదిలారు. నేనుగా దేన్నైనా వదిలిన రోజు నా జీవితంలో లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా, చలికి పురుగులు కదలని వేళ, డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను. ముదిరిన కాయ కింద అరచెయ్యి పెట్టి అలవాటుగా పైకెత్తాను. ఊడలేదు. వేళ్ళు బిగించి లాగాను. టప్‌మని చిన్న చప్పుడు. రెండోది కూడా. తర్వాత చెట్టు మొత్తాన్ని పెద్ద సంచీలో ముంచి, మూతి బిగించి, వేళ్ళతో సహా పెకలించాను. ఆడపడుచు తవ్వి ఉంచిన గోతిలో సంచీ పాతేశాం. దోమతెర సబ్బు నీళ్ళలో నానబెట్టాం.

"నా నారు దగ్గరికొచ్చేముందు చీర మార్చుకో, చేతులు కడుక్కో" అంది.

చీర మార్చుకున్నాను. చేతులు సాయంత్రం దాకా కడుక్కోలేదు. నారు దగ్గరికి వెళ్ళనూ లేదు. గదిలో కూర్చుని అరచేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మనిషి పక్కనే ఉన్నట్టుంది.

కాయలు రెండూ ఆయన చెప్పుల అట్టపెట్టెలో కాగితం చుట్టి పెట్టాను. రోజుకి పదిసార్లు మూత తీసేదాన్ని. "నువ్వలా చూస్తుంటే సిగ్గుపడి పండవు" అనేది ఆడపడుచు. తొమ్మిదో రోజుకి ఒకటి ఎర్రబడింది. ఇంకోటి కుళ్ళిపోయింది. పండిన దాన్ని కోసి గింజలు తీశాం. గుజ్జు ఆమె సగం, నేను సగం నాకేశాం. ఇద్దరం ఒక్కసారే కళ్ళు మూసుకున్నాం.

ఇప్పుడు ఆడపడుచు పాకలో ఒక మూల, సన్నవల డబ్బాలో, ముప్ఫై ఒక్క మొలకలున్నాయి. గింజలోంచి తెగులు రాదని తను ఒట్టెయ్యలేనంది డాక్టరమ్మ. నెల రోజులు చూడాలి, ముడుచుకున్నది కనబడితే పీకెయ్యాలి. ఇప్పటిదాకా రెండు పీకాం. రెండూ నేనే పీకాను.

పొద్దున్నే వెళ్ళి వల బయట నిలబడతాను. ఆకులు మసగ్గా కనబడతాయి. వాసన మాత్రం రాదు. ముక్కు వలకి ఆనించి చూశాను, ఆడపడుచు చూసి నవ్వింది.

"వాసన రావాలంటే ముట్టుకోవాలి వదినా. ముట్టుకోవాలంటే ఇంకా ఇరవై రోజులు."

"ఇరవై రోజులు ఎంతలో పోతాయిలే" అన్నాను.

వల మీద చెయ్యి పెట్టి అక్కడే నిలబడ్డాను.