చాక్‌పీసుతో రాసిన రెండు నంబర్లు

నేను ఒక బెంచీని. నల్లతుమ్మ చెక్కతో చేసిన, నలుగురు ఇరుక్కుని కూర్చునే పాతకాలపు బడి బెంచీని. రాసుకునే బల్ల, కూర్చునే పలక, బల్ల కింద పుస్తకాలు పెట్టుకునే అర, అన్నీ ఒకే చట్రంలో బిగించి ఉంటాయి. ఇప్పుడు రాళ్లవాగుపాలెం హైస్కూలు ప్రహరీ పక్కన తలకిందులుగా పడి ఉన్నాను. ఆకాశంకేసి కాళ్లు చాపుకుని ఇంత తీరిగ్గా నేనెప్పుడూ లేను.

ఈ బడి మొదలైనప్పుడు దానికి గోడలే లేవు. ఒక షావుకారు పొగాకు గోడౌను ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. పిల్లలు పాఠం చెప్పించుకుంటూ తుమ్మేవాళ్లు, మాస్టర్లు తుమ్ముతూ పాఠం చెప్పేవాళ్లు. తరవాత ఊళ్లో ఇంటికొకరు చొప్పున వచ్చి వాగు రాళ్లు మోసి మూడు గదులు లేపారు. మల్లాచారి అనే వడ్రంగి ఆ గదుల వరండాలో కూర్చుని నన్నూ నా తోడివాళ్లనూ చేశాడు. మమ్మల్ని మగపిల్లలకిచ్చి ఆడపిల్లలకు ఈతచాపలు పరిచారు. బెంచీల మీద కూర్చుంటే ఆడపిల్లలకు గర్వం వస్తుందని అప్పటి పెద్దలు భయపడ్డారట. ఆ చాపలు చిరిగి, కొత్తవి కొనడానికి ఎవరూ ముందుకు రాకపోయాక వాళ్లూ బెంచీలెక్కారు. మా ఊళ్లో సంస్కరణ అలా వచ్చింది.

కూర్చోవడానికి చేసిన నన్ను మాస్టర్లు నిలబెట్టడానికి వాడుకున్నారు. లెక్క తప్పితే "బెంచీ ఎక్కు" అనేవాళ్లు. అలా నా మీద నిలబడ్డవాళ్లలో ఒకాయన తరవాత ఇదే బడికి హెడ్మాస్టరుగా వచ్చాడు. వచ్చిన వారంలోనే మరొకణ్ణి ఎక్కించాడు.

మొదట్లో పదో తరగతి పరీక్షలకు పిల్లలు కందుకూరు పోయేవాళ్లు. ఎన్నో అర్జీల తరవాత మా బడికే సెంటరు వచ్చింది. అప్పట్నించీ ప్రతి వేసవికీ మా నుదుట చాక్‌పీసుతో నంబర్లు పడేవి. సెంటరుతో పాటే కాపీలు పట్టే స్క్వాడు జీపు కూడా మా ఊరి దారి పట్టింది.

నేను చెప్పదలచింది ఒక సైన్సు పరీక్ష సంగతి. ఆ రోజు పొద్దున బడిపిల్లలకూ సైన్సే, మధ్యాహ్నం ఓపెన్ స్కూలు కింద పది రాసే పెద్దవాళ్లకూ సైన్సే. పొద్దున నా మీద కూర్చున్న ఆడపిల్ల అరచేతిలో దాచి ఒక చిన్న చీటీ తెచ్చింది. మూడు పాఠాలను జెరాక్సు షాపువాడు అగ్గిపెట్టెంత కాగితానికి కుదించాడు. ఆ పిల్ల దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. బయట జీపు చప్పుడు వినగానే నా అర మూలకు తోసేసింది. గంట కొట్టాక తీసుకుందామనుకుంది కానీ పక్కన టీచరు నిలబడి ఉండటంతో అలాగే వెళ్లిపోయింది.

ఆ తరవాత జరిగింది మా బడికి తగ్గ పనే. ఒక గదిలో పైకప్పు పెచ్చులూడుతుంటే మధ్యాహ్నానికి ఆ బెంచీలను లాక్కొచ్చి మా గది బెంచీల్లో కలిపేశారు. పొద్దుటి నంబర్లు తుడవకుండా, పక్కనే కొత్త నంబర్లు వేశారు. నా దగ్గరికి రాహేలమ్మ వచ్చి కూర్చుంది.

రాహేలమ్మ ఈ బడి ఆవరణలోనే ఉన్న అంగన్‌వాడీలో ఆయా. ఊళ్లో సగం మంది పిల్లలకు ముక్కు తుడిచింది ఆవిడే. అక్కడి టీచరమ్మ రిటైరవుతోంది. పది పాసైతే ఆ ఉద్యోగం రాహేలమ్మకు ఇస్తామన్నారు. మిగిలిన పరీక్షలన్నీ రాసేసింది, సైన్సే చివరిది. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం నొక్కి నొక్కి రాస్తోంది. ఆ ఒత్తిడి కాగితం దాటి నాకు తెలుస్తోంది.

జీపు మళ్లీ వచ్చింది. స్క్వాడు ఆఫీసరు గదిలోకి వస్తూనే వంగి బెంచీల అరల్లో చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. నా దగ్గర ఆగాడు. ఆయన వేళ్ల మధ్య ఆ చీటీ.

"లేవండి. పేపరివ్వండి."

"ఏమైంది సారూ?"

"ఏమైందా? ఇదేంటి? పుస్తకం మొత్తం ఇందులోనే ఉంది. డిబారైతే రాసిన పరీక్షలన్నీ పోతాయని తెలుసా మీకు?"

రాహేలమ్మ లేచింది. ఆఫీసరు పేపరు తీసుకున్నాడు. నాకు నిజం తెలుసు. మల్లాచారి నాకు కాళ్లు పెట్టాడు, అర పెట్టాడు, చెప్పడానికి నోరు పెట్టలేదు.

"అది నాది కాదు సారూ."

"అందరూ అదే అంటారు."

"నాదయితే నాకు కనపడాల గదా! చూడండి, అక్షరాలు పేలు పాకినట్టుండాయి. అచ్చుకాగితం చదవడానికే నా కళ్లు నీళ్లు కారతన్నయి."

వెనక బెంచీలో పరీక్ష రాస్తున్న ఒక తాపీమేస్త్రీ అందుకున్నాడు. "ఆయమ్మ సూదిలో దారం మా ఆడోళ్ల చేత ఎక్కిస్తది సారూ! ఆయమ్మకి ఆ చీటీ ఎందుకు, తాయెత్తు కట్టుకోడానికా?"

నవ్వబోయినవాళ్లు ఆఫీసరు మొహం చూసి ఆగిపోయారు.

"నటించొద్దు. చదవండి," అని చీటీ ఆవిడ చేతికిచ్చాడు. రాహేలమ్మ దాన్ని దూరం పెట్టింది, దగ్గర పెట్టింది, కిటికీ వెలుగులోకి తిప్పింది. కళ్లనుంచి నీళ్లు వచ్చి నా మీద పడ్డాయి. ఆఫీసరు విసుగ్గా లాక్కుని, "ఇదిగో, మొదటి లైను..." అని ఆగాడు. కళ్లజోడు నుదుటిమీదికి నెట్టాడు. మళ్లీ దించాడు. చివరికి గదిలో డ్యూటీ చేస్తున్న విమల టీచరుకిచ్చాడు. ఆవిడ వయసులో చిన్నది, అయినా కష్టపడి "కిరణజన్య..." అని ఒక మాట పట్టుకుంది.

ఆఫీసరు చీటీ వెనక్కి తీసుకున్నాడు. "కూర్చోండి," అని పేపరు తిరిగిచ్చాడు. అంతటితో పోయేవాడే. కానీ వంగినప్పుడు ఆయనకు నా మీద రెండు నంబర్లు కనబడ్డాయి.

"ఓహో! పొద్దుటిది! హెడ్మాస్టరుగారూ!" అంటూ వరండాలోకి వెళ్లాడు.

అప్పుడు రాహేలమ్మ రాయడం ఆపింది. ఆ నంబరు ఎవరిదో ఆవిడకు తెలియదు. ఈ ఊరి పిల్లల్లో ఎవరో ఒకరిదని మాత్రం తెలుసు. కొంగు చివర వేలికి చుట్టుకుని, పొద్దుటి నంబరును గట్టిగా ఒకసారి తుడిచింది. ఆ ఒక్కసారితో అది పోలేదు. మళ్లీ తుడిచింది. విమల టీచరు చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగి బయట ఎండను పరీక్షించడం మొదలుపెట్టింది.

ఆఫీసరు హెడ్మాస్టరుతో వచ్చాడు. "బెంచీలు కలిసిపోయాయి సార్, పొద్దున ఏది ఎక్కడుందో చెప్పడం కష్టం," అంటున్నాడు హెడ్మాస్టరు.

"నంబరే ఉంది కదండీ, చూడండి... ఏదీ?"

"తుడిచాను సారూ," అంది రాహేలమ్మ. "కూర్చునే చోటు తుడుచుకోడం నాకలవాటు."

"మీ నంబరు మాత్రం తుడవలేదే?"

ఆఫీసరు ఆవిడ పేపరు మీద వేలు పెట్టాడు.

"ఆ పేపరు నేను మళ్లీ తీసుకోగలను. తెలుసుగా?"

"మీ చేతిలో పని సారూ. తీసుకోండి." పేపరును ఆయనవైపు జరిపింది. "పిల్లముండ ఎవరో భయపడి పారేసి పోయుంటది. దాన్నేం చేసుకుంటారు సారూ?"

"సార్, టైమైపోతోంది," అన్నాడు హెడ్మాస్టరు, ఎవరి తరఫునో తెలియకుండా.

ఆఫీసరు చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పేపరును ఆవిడ ముందుకే తోశాడు. "రాసుకోండమ్మా," అని బయటికి నడిచాడు. జీపు వెళ్లిపోయిన చప్పుడు వినబడేదాకా రాహేలమ్మ కలం పట్టుకోలేకపోయింది. పట్టుకున్నాక తల ఎత్తలేదు. గంట కొట్టేసరికి చివరి ప్రశ్న సగంలో ఉంది.

మర్నాడు పొద్దున పరీక్షకు ముందు ఆ ఆడపిల్ల గదిలోని బెంచీల అరలన్నీ వంగి వంగి చూసింది. నా అర కూడా తడిమింది. ఖాళీ. వరండాలో అడుగుల చప్పుడైనప్పుడల్లా మొహం తెల్లబోయేది. ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

రాహేలమ్మ సైన్సు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడు అంగన్‌వాడీ టీచరమ్మ ఆవిడే. బడికి ఇనుప డెస్కులొచ్చాక మమ్మల్ని తెచ్చి ఆ అంగన్‌వాడీ గది ముందే, ప్రహరీ పక్కన పోశారు. పాత సామాను కొనేవాడు ఇవాళో రేపో వస్తాడు. ఈలోగా చిన్నపిల్లలు నా కాళ్లు పట్టుకుని ఊగుతున్నారు. ఆవిడ గుమ్మంలోంచి కేకేసింది:

"ఒరే, మేకులు గుచ్చుకుంటయ్, దిగండిరా! ఎవుర్రా ముందు ఎక్కిందీ?"

ఎవరూ పలకలేదు. ఆవిడా రెండోసారి అడగలేదు. ఒక్కొక్కళ్లనే చంకల కింద చేతులేసి దించి, కాళ్లకు మట్టి దులిపి లోపలికి తీసుకుపోయింది.