ముఖ్య అతిథి రాకముందే లేచిన తెర

విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల కొట్టున్న జగన్నాధం గారికి నాటకమంటే ప్రాణమని ఊళ్ళో అందరూ అంటారు. అందరికంటే ముందు ఆయనే అంటారు. పదకొండేళ్ళుగా ప్రతి నెలా రెండో శనివారం నాటకం వేసే సంఘానికి హాలు అద్దె ఆయనదే, ఫ్లెక్సీ ఆయనదే, ఫ్లెక్సీ మీద నాటకం పేరుకన్నా పెద్దగా ఉండే ఫొటో కూడా ఆయనదే. ముఖ్య అతిథి కుర్చీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ నెల నాటకానికి నాలుగు రోజుల ముందు మేనకోడలు హైమ కొట్టుకొచ్చింది. బళ్ళో లెక్కలు చెబుతుంది. సంఘానికి కొత్త కార్యదర్శి, ఈసారి నాటకానికి దర్శకురాలు కూడా. మనసు మంచిదే గానీ మొహమాటమన్నది బొత్తిగా లేని పిల్ల.

"మావయ్యా, ఈసారి సభ నేదు. ఆరింటికి తెర లేస్తాది."

"సభ నేకుండా నాటకమేటే? పెళ్ళికొడుకు నేకుండా పెళ్ళి సేస్తారా?"

"పోయిన నెల ఏటయ్యిందో నీకు తెల్దు. జ్యోతి వెలిగించి, నలుగురికి శాలువాలు కప్పి, నువ్వు నాలుగు కాగితాలు సదివీసరికి ఎనిమిదయ్యింది. శృంగవరపుకోట ఆఖరి బస్సు ఎలిపోతాదని జనం లేసిపోనారు. మావోళ్ళు ఖాళీ కుర్చీలకి ఆడినారు. ఇంకోపాలి ఇలాగయితే రామని సెప్పీసినారు."

"మరి నా ప్రసంగం?"

"నాటకం అయినాక రెండు నిమిషాలు. ఆరింటికి రా, కూకో, సూడు."

ఆయన ఊఁ అన్నారు గానీ లోలోపల నవ్వుకున్నారు. ముఖ్య అతిథి రాకుండా తెర లేచిన చరిత్ర ఈ జిల్లాలో ఎక్కడైనా ఉందా? ఆరంటే ఏడని పసిపిల్లవాడికైనా తెలుసు. రెండు నిమిషాల ముచ్చట మాత్రం ఆయన చెవికెక్కలేదు. రోజూ కొట్టు కట్టేముందు ఆ నాలుగు కాగితాలూ అద్దం ముందు చదువుకుంటూనే ఉన్నారు.

శనివారం ఏడుకి పది నిమిషాలుందనగా ఇస్త్రీ పంచె, జరీ కండువాతో కారు దిగారు. గుమ్మంలో దండ పట్టుకుని ఎవరూ లేరు. తలుపు తోసి చూస్తే హాలంతా చీకటి, వేదిక మీద వెలుతురు. నాటకం జోరుగా నడుస్తోంది.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. తన డబ్బుతో ఆడుతూ తను లేకుండానే మొదలెట్టేస్తారా! తెల్లారగానే హైమను పిలిచి, వచ్చే నెల నుంచి చిల్లిగవ్వ ఇవ్వనని చెప్పెయ్యాలని అక్కడికక్కడే తీర్మానించేసుకున్నారు. తాను చెయ్యి తీసేస్తే సంఘం మూతపడుతుందని ఆయనకు తెలియక కాదు. పడనీ అనుకున్నారు.

తానొచ్చిన సంగతి అందరికీ తెలియాలి కదా, గట్టిగా దగ్గుతూ ముందు వరసకు నడిచారు. తన కుర్చీలో ఎవరో ముసలమ్మ దర్జాగా కూర్చుని ఉంది.

"బాబూ, అడ్డం తప్పుకో. అవుపడ్డం నేదు," అందామె.

వెనకనుంచి పదిమంది "కూకోండి, కూకోండి" అన్నారు. తిరిగి వెళ్దామంటే అప్పటికే నడవలో కూడా జనం చతికిలబడ్డారు. ముసలమ్మే జాలిపడి పక్క కుర్చీలోంచి తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె పేరు లక్ష్మణమ్మ, రామతీర్థం నుంచి వచ్చింది. జగన్నాధం గారు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు.

వేదిక మీద ఒకడు తాళం వేసిన గేటు ముందు నేలమీద కూర్చుని కేరేజీ విప్పుకుంటున్నాడు. నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మర్చిపోయి గేటుకేసే చూస్తున్నాడు. ఎంతసేపటికీ మింగడే!

"ముందేటయ్యింది?" ఉండబట్టలేక అడిగారు.

"జూట్‌ మిల్లు మూసీసినారు బాబూ. పెళ్ళానికి సెప్పనేదు. రోజూ పనికెల్తన్నట్టు కేరేజీ అట్టుకొచ్చి ఇక్కడ కూకుంటాడు. దానికి తెల్దనుకుంటన్నాడు ఎర్రినాయన. దానికి తెలుసు."

జగన్నాధం గారికి గుండెలో కలుక్కుమంది. జీతాల రోజున మిల్లువాళ్ళు పెళ్ళాలను వెంటబెట్టుకుని తన కొట్టుకే వచ్చేవారు. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. ఏమైపోయారని తను ఎవర్నీ అడగలేదు. నిజం చెప్పాలంటే, అడగాలని కూడా తోచలేదు.

"ఇయ్యాల నానూ మిల్లు దాకా వస్తాను," అంది వేదిక మీది ఇల్లాలు.

"ఆడోళ్ళని రానివ్వరే," అన్నాడు మొగుడు, మొహం పక్కకు తిప్పుకుని.

"సెప్పీరా! దానికి తెలుసురా!" అని జగన్నాధం గారు కుర్చీలోంచి సగం లేచి అరిచేశారు.

"ష్! నోర్ముయ్యవయ్యా!" అన్నారెవరో వెనకనుంచి. పదకొండేళ్ళలో ఆ హాల్లో ఆయన్ని నోరు ముయ్యమన్నవాళ్ళు లేరు. ఆయన నోరు మూసుకుని కూర్చున్నారు.

ఆఖరి రంగంలో ఆ ఇల్లాలు ఇంకో కేరేజీ పట్టుకుని గేటు దగ్గరకొచ్చింది. ఏమీ అడగలేదు. వాడు పక్కకు జరిగాడు. ఆమె కూర్చుని కేరేజీ మూత తీసింది. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. తెర పడింది. హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే జగన్నాధం గారు సిగ్గు విడిచి జరీ కండువాతోనే కళ్ళు తుడుచుకున్నారు.

హైమ ఆయన్ని వేదిక మీదికి పిలిచి మైకిచ్చింది. ఏడూ ముప్పావైంది, బస్సుకింకా టైముంది, జనం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి కాగితాలను తడిమి ఖాళీగా బయటికొచ్చింది. మొగుడి వేషం వేసినవాడి వైపు తిరిగారు.

"నీ పేరేటి నాయనా?"

"దాలయ్యండి. ఆటో తోల్తాను. తమరు నాకు మూడుపాలీలు శాలువా కప్పినారండి."

హాలు గొల్లుమంది. జగన్నాధం గారికి తల కొట్టేసినట్టయింది. శాలువాలు కప్పడం, కాగితాలు చదవడం, అత్యవసరమైన పని ఉందని చెప్పి వెనక తలుపులోంచి కారెక్కడం, ఇన్నేళ్ళూ తను చేసిందింతే. ఆ కప్పించుకున్నవాళ్ళ మొహం ఒక్కసారైనా చూస్తే కదా! ఆయన మైకు రెండు చేతులతో పట్టుకున్నారు.

"పదకొండేళ్ళుగా నాను నాటకాలు ఆడిస్తన్నాను. ఒక్కటీ సూడ్నేదు. ఇయ్యాలే సూసినాను. అదీ సగం."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"హైమా, వచ్చే నెల ఇదే మళ్ళీ ఆడించవే. మొదట్నుంచీ సూడాల."

"వచ్చే నెల ఆట కోటబొమ్మాళి నాటకం వోళ్ళకి ఇచ్చీసినాం మావయ్యా."

"అయితే నెలకి రెండు శనివారాలు ఆడించు. హాలు సంగతి నాను సూసుకుంటాను." మైకు ఇచ్చేయబోయి మళ్ళీ దగ్గరకు తీసుకున్నారు. "ఆరింటికే తెర లేపీయండి. నాను రాకపోయినా ఆగొద్దు."