మూడో చెయ్యి

ముందే చెప్తున్నాను, నా పట్టకారు మొన దారి తప్పడం ఈ భూమ్మీద ఏ ప్రాణీ చూడలేదు. యాభై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్నాను. ఒకసారి బల్ల మీద వాలిన ఈగకు కంట్లో నలుసు పడితే తీసి పంపించాను. ఇప్పటికీ ఎదురుపడితే ఆగి పలకరిస్తుంది. నమ్మనివాళ్ళు ఆ ఈగనే అడగండి.

అంతటివాడికి కంటికి పెట్టుకునే భూతద్దం చాలడం లేదని మా అమ్మాయి కనిపెట్టింది. అది నా దగ్గరే పని నేర్చుకొని, నా పక్కనే బల్ల వేసుకుంది. ఓ రోజు నేను మర అనుకొని అగ్గిపుల్ల పెచ్చును బిగిస్తుంటే కాసేపు చూసి, "అది ఎంత తిప్పినా బిగవదు నాన్నా" అంది.

"పాత మర. కాస్త మొండిది."

"మైక్రోస్కోపు కొందాం. రెండు కళ్ళతో చూసేది. పది రెట్లు పెద్దగా చూపిస్తే చాలు, మహా అయితే ఇరవై. అద్దానికీ వాచీకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి, చేతులు ఆడాలిగా."

పది రెట్లట! నా పరువేం కావాలి? మర్నాడు దానికి చెప్పకుండా బయల్దేరాను. ఏదో కాలేజీవాళ్ళు ప్రయోగశాల సామాను వదిలించుకుంటుంటే, నాలుగు వందల రెట్లు చూపించేదాన్ని భుజాన వేసుకొచ్చాను. ఒంటి కన్ను పెట్టి చూసే గొట్టం. కింద వాచీ పెట్టగానే అద్దం వచ్చి దాని నెత్తిన కూర్చుంది. అన్నిటికన్నా తక్కువ చూపించే అద్దం తిప్పి పెడితే పట్టకారు పక్కవాటుగా ఎలాగో దూరింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అందులో లోకమంతా తలకిందులు. మొనను కుడికి జరిపితే ఎడమకి పోతుంది, పైకి జరిపితే కిందికి పోతుంది.

"కాలేజీ పిల్లలకి ఉల్లిపొర చూపించేది తెచ్చావా?" అమ్మాయి స్టూలు మీంచి పడిపోయేటట్టు నవ్వింది.

తప్పు ఒప్పుకుంటే తప్పేముంది? అందుకే ఒప్పుకోలేదు.

"దీంతోనే చేస్తా. నా చేతిలో ఒక్క వాచీ చెడిందా, ఆ రోజే బల్ల దిగి కౌంటరు దగ్గర చీటీలు రాసుకుంటా."

"మాట మీద ఉంటావా?"

"ఎప్పుడన్నా తప్పానా?"

"అమ్మని అడగనా?"

"మధ్యలో ఆవిడెందుకులే."

నెల రోజులు పాత మరలు పోసుకొని ఆ గొట్టం కింద సాధన చేశాను. కుడి కావాలంటే ఎడమ, ఎడమ కావాలంటే కుడి. చివరికి ఆలోచించకుండానే చెయ్యి తిరగబడింది. అన్నం దగ్గర ఉప్పు అందుకోమంటే పంచదార డబ్బా ఇస్తున్నానని మా ఆవిడ ఇరుగుపొరుగుకి చెప్పుకుంది.

ఆ తర్వాతే మా అమ్మాయి తనకు కావలసిన మైక్రోస్కోపు తెచ్చి పెట్టుకుంది. రెండు కళ్ళకి రెండు గొట్టాలు, అద్దం చుట్టూ చక్రంలా దీపం, కింద బెత్తెడు చోటు. అందులో కుడి కుడే, ఎడమ ఎడమే. అమ్మాయి బయటికెళ్ళినప్పుడు దొంగతనంగా చూశాను. చూద్దును కదా, వాచీలో ఏ చక్రం పన్ను ఎంత లోతులో ఉందో తెలిసిపోతోంది. బావిలోకి తొంగిచూసినట్టే ఉంది. ఆ ముక్క దానికి మాత్రం చెప్పలేదు.

ఇక ఆ రోజు సంగతికొస్తాను.

పొద్దున్నే ఆసుపత్రి నర్సమ్మ తన వాచీ తెచ్చింది. ముప్ఫై ఏళ్ళు రోగుల నాడులు లెక్కపెట్టిన వాచీ అది, చింతగింజంత ఉంటుంది. ఆగి ఆగి నడుస్తోంది. "అన్నగారూ, నాకు బదిలీ అయింది. అయిదింటికి బస్సు. నాలుగింటికల్లా ఇచ్చెయ్యాలి" అంది. మధ్యాహ్నం అమ్మాయి ఏదో పని మీద బజారుకెళ్ళింది. నేను దర్జాగా దాని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను.

లోపల చక్రాన్ని ఇటూ అటూ ఊపే స్ప్రింగు ఉంటుంది. వెంట్రుక కన్నా సన్నం, దోమలబత్తిలా చుట్టలు చుట్టుకొని ఉంటుంది. దాని ఒక చుట్టకి నూనె అంటి పక్క చుట్టకి అతుక్కుంది. అంతే రోగం. మొనతో చుట్టని పిసరంత కుడికి జరిపితే చాలు.

నా చెయ్యి ఎడమకి వెళ్ళింది.

కంగారులో వెనక్కి లాగాను. అదీ తిరగబడే వెళ్ళింది. కళ్ళముందు చుట్ట మీద చుట్ట ఎక్కి, దువ్వెన చూడని జుట్టులా చిక్కుపడిపోయింది. మొదట్లో ఏమన్నాను? నా మొన దారి తప్పలేదన్నాను కదూ? రెండుసార్లు తప్పింది. మీరు చూడలేదు కాబట్టి చెల్లుతుందనుకున్నాను.

అమ్మాయి వచ్చేసరికి గోడ గడియారంలో మూడైంది. సంచీ దించుతూనే నా మొహం చూసి, గొట్టాల్లోకి చూసింది.

"ఎవరు చేశారు?"

"వచ్చినప్పుడే కాస్త..."

"నాన్నా."

"నేనే."

"ఇలాంటి స్ప్రింగు ఇంకోటి దొరకదు. తెలుసుగా?"

"తెలుసు. లేస్తున్నా." స్టూలు వెనక్కి జరిపాను. యాభై ఏళ్ళ స్టూలు, నా కన్నా అదే ముందు మూలిగింది.

"కూర్చో. ఇంకా నాలుగు కాలేదు."

అమ్మాయి ఎడం చేత్తో చక్రాన్ని అదిమిపెట్టి, కుడి చేత్తో సన్నటి సూది అందుకుంది. ఒక చుట్టని ఎత్తింది. వదలగానే మళ్ళీ పడిపోయింది. స్ప్రింగు కొస ఊగిపోతోంది. ఇంకోసారి ఎత్తింది. ఈసారి ఇంకో చుట్ట ఎక్కింది. దాని ముక్కు మీద చెమట బొట్టు కట్టింది. మూడూ ఇరవై.

"కొస పట్టుకునేవాళ్ళు కావాలి. మూడో చెయ్యి కావాలి" అంది.

"నాది తిరగబడ్డ చెయ్యి తల్లీ."

"జరపమనలేదు, పట్టుకోమంటున్నా. పట్టుకోడానికి కుడేంటి, ఎడమేంటి?"

ఇద్దరం ఒకే మైక్రోస్కోపు ముందు చెంపకి చెంప ఆనించి కూర్చున్నాం. ఒక గొట్టంలో నా కన్ను, రెండో గొట్టంలో దాని కన్ను. నా పట్టకారు కొసని పట్టింది. గట్టిగా పడితే విరుగుతుంది, వదులుగా పడితే జారుతుంది.

"ఊపిరి."

బిగబట్టాను. సూది ఒక చుట్టని దాటించింది.

"వదులు. ఊపిరి వదలమన్నా, కొస కాదు!"

అలా ఏడు చుట్టలు. అయిదో దాని దగ్గర మోచెయ్యి తిమ్మిరెక్కింది. ఆరో దాని దగ్గర వీధిలో ఏదో బండి హారన్ కొట్టింది. నా ఒళ్ళంతా ఉలిక్కిపడింది కానీ మొన కదల్లేదు. ఏడోది దాటేలోపే తలుపు చప్పుడు.

"అన్నగారూ, అయిందా?"

సూది లేచింది. చుట్టలు నీళ్ళలో వలయాల్లా ఎడం ఎడంగా పరుచుకున్నాయి. అమ్మాయి చక్రాన్ని దాని చోట కూర్చోబెట్టింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఊగింది.

నర్సమ్మ వాచీ అందుకొని, నన్నో చూపు చూసి, నా మణికట్టు పట్టుకొని లెక్కపెట్టింది. "వాచీ బానే ఉంది. మీకే నూట పద్దెనిమిది కొడుతోంది. కాస్త పడుకోండి" అని బస్సుకి పరిగెత్తింది.

నేను చీటీల పుస్తకం తీసుకొని కౌంటరు వైపు నడిచాను. మాటంటే మాటే కదా.

"ఎక్కడికి?" అంది అమ్మాయి.

"వాచీ చెడగొట్టానుగా."

"చెడలేదు, నడుస్తూ వెళ్ళింది. ఆ ఉల్లిపొర గొట్టాన్ని అటక మీద పడేసి, నీ స్టూలు ఇటు జరుపుకో. రేపటి నుంచి నువ్వు పట్టు, నేను జరుపుతా. చెయ్యి తిన్నబడ్డాక చూద్దాం."

జరుపుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఇందులో ఒక్క ముక్క మాత్రం నేను అల్లింది. ఈగ సంగతి కాదు, ఈగ నిజం. చెంపకి చెంప ఆనించి చెరో కన్ను పెట్టామన్నానే, అది అబద్ధం. ఆ గొట్టాల దగ్గర రెండు తలలు పట్టవు. రెండు కళ్ళూ అమ్మాయివే. నా పట్టకారుని కొస దాకా నడిపించి పెట్టిందీ అదే. చూస్తే చెయ్యి మళ్ళీ ఎటు పోతుందోనని నేను ఏడు చుట్టలూ అయ్యేదాకా కళ్ళు మూసుకొనే ఉన్నాను.

కదలకుండా పట్టుకున్నది మాత్రం నేనే.