గోడకు ఒరిగిన పందొమ్మిది చెక్కలు

పర్శరాములు మొదటి చెక్కను గోడ దగ్గరి నుంచి తీసి, ఒక చివరను కంటికి ఆనించుకొని, రెండో కన్ను మూసి చూశాడు. భార్య చేతికిచ్చాడు. ఐలవ్వ కూడా అలాగే చూసింది.

"గిది చెక్క గాదయ్యా, కొడవలి" అన్నది.

మా ఇల్లు ఉట్నూర్ శివారులో, నల్లరేగడి నేలలో ఉంది. ఎండాకాలం ఆ నేల చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. వానకు ఉబ్బుతుంది. వెనుక వాకిట్లో రెండుసార్లు పోసిన సిమెంటు అరుగు రెండుసార్లూ చీలిపోయింది. నా భార్య జమున ఇక సిమెంటు వద్దన్నది. నేల కదిలితే దానితోపాటు కదిలే చెక్క అరుగు కావాలన్నది. జనవరిలో వడ్రంగి పర్శరాములును పిలిపించి రాళ్ల మీద ఆరు దూలాలు వేయించింది. టేకు డిపోకు వెళ్లి పందొమ్మిది చెక్కలు తానే ఎంచి తెచ్చింది. ఫిబ్రవరిలో చనిపోయింది.

ఆ రోజు వాకిట్లో మనుషులు కూర్చోవడానికి చోటు చాలక, ఎవరో ఆ చెక్కలను తీసి గోడకు ఒరగబెట్టారు. పన్నెండు రోజుల తర్వాత అందరూ వెళ్లిపోయారు. చెక్కలు అలాగే ఉన్నాయి. రోజూ వాటి పక్క నుంచే బడికి వెళ్లాను, వచ్చాను. ఎండాకాలమంతా వాటికి ఒకవైపే ఎండ తగిలింది.

వానలు మొదలైన రెండో వారంలో, దూలాలు నానిపోతున్నాయని, మొగుడూ పెళ్లాలిద్దరూ తమంతట తామే పనిముట్లతో వచ్చారు.

"ఎవలు సారూ గిట్ల నిలవెట్టింది?" అని ఐలవ్వ అడిగింది. "చెక్కను పండవెట్టాలె. నిలవెడితే అలుగుతది."

"ఆ రోజు మనుషులకు జాగ కావాల్సి వచ్చింది. తర్వాత పండబెట్టాల్సింది నేనే. మతికి రాలే" అన్నాను.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. చేతిలోని చెక్కను కొంగుతో తుడిచింది.

పర్శరాములు అన్నింటినీ నేల మీద పరిచి, రెండు వరుసలు చేశాడు.

"గీ పది పనికొస్తయి సారు. ఆ తొమ్మిది పొయ్యిల వెట్టుకోను మంచిగుంటయి. కొత్తయి తెచ్చుకుందాం."

"ఇవే వెయ్యాలె. అన్నీ."

బడిలో పిల్లలను హెచ్చరించినట్టుగా వచ్చింది నా గొంతు. పర్శరాములు తల గోక్కున్నాడు.

"నేను అద్దంటలేను సారు. అవి ఇనాలె గద."

గోడ వెంట దారం కట్టి, ఉన్నవాటిలో తిన్నని చెక్కను ముందు వేశాడు. తర్వాత వంకరవి. చెక్క వంగిన పొట్ట బయటి వైపు ఉండేలా పెట్టి, ఒక చివర స్క్రూలు బిగించాడు. ఐలవ్వ వెళ్లి రెండో చివర కూర్చుంది. అతడు గడ్డపార మొనను దూలంలో దించి, చెక్క అంచుకు ఆనించి, ఒళ్లంతా వాల్చి తోశాడు.

"జర బరువు వెట్టు."

"బరువుండేటట్టు ఏం తినవెట్టినవయ్యా నాకు?"

"నలభై ఏండ్ల సంది నిన్నే సాపు జేస్తున్న. గీ చెక్కెంత?"

"నన్నా? నిన్నెవలు సాపు జేసిన్రో ఈ సారును అడుగమను, జెప్త."

అంత నవ్వులోనూ అతడి కళ్లు చెక్క అంచు మీదే ఉన్నాయి.

నేను పక్కన నిలబడి చూశాను. ఎన్నడో నరికిన చెట్టు. కోసి, ఆరబెట్టిన చెక్క. దానిలో ఇంత బలం మిగిలి ఉంటుందని నాకు తెలియదు. గడ్డపారే వంగుతుందేమో అనిపించేది. చెక్క పిసరంత కదిలేది, ఆగేది, కిర్రుమని మళ్లీ కదిలేది. పక్క చెక్కకు మేకు మందం దూరంలోకి రాగానే డ్రిల్లు మిషను గుర్రుమనేది. తర్వాత ఇంకో దూలం దగ్గర మళ్లీ అదే పని. ఆరో దూలం అయ్యేసరికి ఆ కొడవలి గీత గీసినట్టు పడుకొని ఉండేది.

"వంకర యాడికి వోయింది?" అని అడిగాను.

"యాడికీ వోలే సారు. లోపల్నే ఉంటది. అందుకే దూలానికి రెండు స్క్రూలు."

నేను వంగి ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా, నిశ్చలంగా ఉంది.

మధ్యాహ్నానికి పద్దెనిమిది చెక్కలు పడ్డాయి. ఆఖరుది వంగడమే కాదు, మెలి కూడా తిరిగింది. రెండుసార్లు గడ్డపార జారి, దూలం పెచ్చు లేచింది. పర్శరాములు నుదురు తుడుచుకున్నాడు.

"దీన్ని ఇడిశిపెడదాం సారు. ఇద్దరితోని గాదు."

చెప్పులు విడిచి దూలాల మీదికి ఎక్కాను. "గడ్డపార నాకియ్యి" అన్నాను.

అతడు మెలి తిరిగిన కొసను కాళ్లతో తొక్కి పట్టాడు. ఐలవ్వ డ్రిల్లు అందుకుంది. నేను తోశాను.

"సారూ, బోర్డు తుడిచినట్టు గాదు, గట్టిగ తొయ్యి!" అన్నది ఐలవ్వ.

మళ్లీ తోశాను. అవతలి నుంచి ఎవరో నన్ను తోస్తున్నట్టే ఉంది. ఆ బలం ఇనుములోంచి నా మోచేతుల్లోకి, భుజాల్లోకి ఎక్కింది. నాకు భయం వేసింది. తోస్తూనే ఉన్నాను. చెక్క కదిలింది. బొటనవేలి మందం. మరి కాస్త. మిషను ఒకసారి గుర్రుమన్నది, రెండోసారి గుర్రుమన్నది.

"పట్టింది. ఇడువు సారు" అన్నాడు పర్శరాములు.

నేను వదల్లేదు.

"స్క్రూ వట్టింది సారు. నువ్వు పట్టుకోకున్నా పోదు" అన్నది ఐలవ్వ.

పర్శరాములు వచ్చి నా చేతుల పక్కన తన చెయ్యి వేశాడు. ఇద్దరం కలిసి గడ్డపారను మెల్లగా వెనక్కి తీశాం. చెక్క అక్కడే ఉంది.

అప్పుడు మా కాళ్ల కింద సన్నగా, పొడుగ్గా ఒక మూలుగు మొదలైంది. ఆఖరి చెక్క దగ్గర పుట్టి, ఒకదానిలోంచి ఒకదానిలోకి పాకి, గోడ దాకా పోయి ఆగింది. పందొమ్మిదీ పలికాయి. ఐలవ్వ మిషను ఒళ్లో పెట్టుకొని, కూర్చున్న చోటే చెక్కను తాకి కళ్లకద్దుకుంది.

"సర్దుకుంటున్నయి" అన్నది గొంతు తగ్గించి. "జర సేపు ఎవలు కదలకుండ్రి."

మేం కదలలేదు.