ప్రార్థనగారి మౌనం

కవరు అంచుకు జిగురు రాసి, మడిచి, బొటనవేలితో ఒత్తి పక్కన పెట్టింది. మళ్ళీ ఇంకొకటి తీసింది. నీటి సరఫరా ఆఫీసులో పొద్దున్నే ఆమె బల్ల దగ్గర వినిపించే చప్పుడు ఇదే. ఫంక్షన్ ఉన్న రోజు దానికి ఓ సన్నటి కూనిరాగం తోడవుతుంది. వేళ్ళ చివర్లలో ఎండి లేస్తున్న జిగురును గోటితో గిల్లుకుంటూ, పాటలో పై స్వరం ఎక్కడ అందుకోవాలో ఆమె సరిచూసుకుంటోంది.

ఆ ఆఫీసులో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు. ఉత్తరాలు పంపే గుమాస్తాగా చేరిన కొత్తలో, ఒక ప్రారంభోత్సవంలో ప్రార్థన పాడవలసినావిడకు గొంతు పట్టేస్తే ఈమెను మైకు ముందుకు తోశారు. అప్పటి నుంచి ఏ పంపుహౌసు తెరిచినా, ఏ ట్యాంకు కట్టినా ముందు ఆమె పాట, ఆ తర్వాతే పెద్దల మాటలు. అందరూ ఆమెను ప్రార్థనగారు అన్నారు, అదే పేరుగా నిలిచిపోయింది. ప్రమోషన్లు ఆమె బల్లను తప్పించుకుని వెళ్ళిపోయాయి, పాట మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఈ సాయంత్రంతో ఉద్యోగం ముగుస్తుంది. ఇవాళే ఆసుపత్రి ఆవరణలో మంచినీళ్ళ కొళాయిల ప్రారంభోత్సవం పడింది.

"పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు లేరు గానీ, నువ్వు లేందే వీళ్ళకు కొళాయి తిరగదే," అని పొద్దున ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అక్క నవ్వింది. పెళ్ళి చేసుకోని అక్కచెల్లెళ్ళు ఇద్దరిదీ ఒకే గది, ఒకే వంటిల్లు. అక్కకు చెవుడు. చెల్లెలి పెదాలు చూసి, పాట బాగుందనేది.

హెడ్ క్లర్క్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. నిలబడిన తీరులోనే ఏదో ఇబ్బంది ఉంది.

"అమ్మా, ఇవాళ పాట లేదు."

కవరు మీద ఆమె బొటనవేలు అలాగే ఉండిపోయింది.

"పైనుంచి ఆర్డరొచ్చింది. సర్కారు సభలో ఒకరి ప్రార్థన అందరి నెత్తినా పెట్టకూడదని ఎవరో పిటిషన్ పెట్టారట. ఇకమీదట కాసేపు మౌనం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటారు, లేనివాళ్ళు ఊరికే నిలబడతారు."

"రేపట్నించి పెట్టుకోకూడదా అండీ?"

"నేనూ అదే అడిగానమ్మా." అతను నేల చూపులు చూశాడు. "ఒక్క సాయం చెయ్యాలి. మొన్న పక్క ఆఫీసులో మౌనం ఎప్పుడాపాలో తెలీక ఒకరి మొహాలొకరు చూసుకున్నారట. చివరికి ఎవరో తుమ్మితే అందరూ కూర్చున్నారు. మొదలుపెట్టి ముగించడానికి ఓ మనిషి కావాలి. మైకు మీకు అలవాటేగా."

ఆమె సరేనంది. ఇన్నేళ్ళుగా అన్నీ సరేనన్నట్టే అంది. కానీ పిటిషన్ అనగానే ఆమెకు ఒక వీపు గుర్తుకొచ్చింది. ఆఫీసు ఫిట్టరు వీపు. ఏ సభలోనైనా ఆమె పాట ఎత్తుకోగానే, రెంచి భుజాన వేసుకుని వాల్వు చూడాలంటూ బయటికి నడిచేవాడు. పాడుతున్నంతసేపూ ఆమె కళ్ళు ఆ వీపు వెంటే వెళ్ళేవి.

ఆసుపత్రి ఆవరణలో రేకుల పందిరి కింద పొడవాటి సిమెంటు గట్టు, దాని మీద వరసగా కొత్త కొళాయిలు. రోగుల తాలూకు మనుషులు ఖాళీ సీసాలు పట్టుకుని కుర్చీల వెనక గుమిగూడారు. ఛైర్మన్‌గారు రాగానే ఆమె మైకు ముందుకు వెళ్ళింది.

"అందరూ లేచి నిలబడండి. కాసేపు మౌనం పాటిద్దాం."

అలవాటుగా గుండె నిండా గాలి పీల్చుకుంది. తీరా పీల్చుకున్నాక ఆ గాలికి దారి లేదు. పెదవులు బిగించి పాటను లోపలే మొదలుపెట్టింది.

తన గొంతు అడ్డం లేకపోయేసరికి మిగతావన్నీ వినపడ్డాయి. స్ట్రెచరు చక్రం కీచుమంది. ఎవరో దగ్గు ఆపుకున్నారు. ఒక పసిబిడ్డ వెక్కిళ్ళు పెడుతోంది. మొదటి చరణం దాటాక ఆమె కళ్ళు తెరిచి గేటు వైపు చూసింది. ఆ వీపు అక్కడ లేదు. ఫిట్టరు చివరి వరసలో రెంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి నిలబడి ఉన్నాడు.

ఆమె పాట తడబడింది. ఏ మాట దగ్గరున్నదో వెతుక్కుని, చివరి పాదాన్ని తొందరపడకుండా పూర్తిచేసింది.

"ధన్యవాదాలు. కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. ఒక ముసలాయన మాత్రం కూర్చోవడం మరిచి ఇంకాసేపు నిలబడే ఉన్నాడు.

ఉపన్యాసాలయ్యాయి, కొళాయి తిప్పారు, కార్లు వెళ్ళిపోయాయి. సీసాలు నింపుకునేవాళ్ళు గట్టు చుట్టూ మూగారు. ఫిట్టరు గ్లాసుతో నీళ్ళు పట్టి తెచ్చాడు.

"గొంతు తడుపుకోండి మేడమ్."

"పాడలేదుగా."

"పాడారు. మీ కాలి బొటనవేలు తాళం వేస్తూనే ఉంది."

ఆమె గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. "పిటిషన్ పెట్టింది మీరేనా?"

"కాదండీ. ఎవరో తెలిస్తే ఓ టీ ఇప్పిద్దామనుంది." తర్వాత నవ్వు ఆపేశాడు. "మా ఇంట్లో దండం పెట్టే తీరు వేరు మేడమ్. మీతో పాటు నిలబడితే నాకు అబద్ధమాడినట్టుండేది. కూర్చుంటే మీకు మర్యాద తక్కువ. అందుకని బయటికెళ్ళేవాణ్ణి. గోడవతల నిలబడి మొత్తం వినేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆ వాల్వు మొహం ఒక్కసారి కూడా చూళ్ళేదు."

ఆమె గ్లాసులోకి చూస్తూ, "నాకివాళ పాడాలనుండింది," అంది.

"ఉండదా మరి." అతను ఖాళీ కుర్చీల వైపు చూశాడు. "సభ అయిపోయిందిగా, ఇప్పుడు పాడండి. ఎవరూ లేచి నిలబడక్కర్లేదు. నాతో సహా."

మైకు వైర్లు అప్పటికే చుట్టేశారు. ఆమె గట్టుకు ఆనుకుని, పక్కవాళ్ళకు మాత్రమే వినిపించేంత గొంతుతో పాడింది. ఒకరిద్దరు తిరిగి చూశారు, మిగతావాళ్ళు సీసాలు నింపుకుంటూనే ఉన్నారు. ఫిట్టరు గట్టు మీద కూర్చుని, కారుతున్న కొళాయి ఒకదాన్ని బిగిస్తూ పాట పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నాడు. రెంచి చప్పుడు కాకుండా మెల్లగా తిప్పాడు.

పాట అయ్యాక ఆమె నీళ్ళన్నీ తాగేసింది.

"వస్తానయ్యా. ఇక రేపట్నించి రాను."

"వెళ్ళి రండి మేడమ్."

గేటు ముందు బస్సు ఆగింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, బస్సు కదిలింది. కొళాయిల గట్టు మీద ఆమె బోర్లించి వెళ్ళిన గ్లాసులోంచి జారిన నాలుగు చుక్కలనూ కొత్త సిమెంటు మెల్లగా పీల్చుకుంటోంది.